మణికట్టు మీద బొటనవేలు

ఆమె తోమి తుడిచి బోర్లించిన గిన్నెలు పావుగంట గడిచేసరికి మళ్లీ తడిగా ఉంటాయి. పెళ్లయిన పదహారేళ్లుగా రోజూ ఇదే తంతు. కోడలు తోమిన గిన్నెకి జిడ్డు వదిలిందంటే అత్తగారికి నమ్మకం చిక్కదు. చప్పుడు కాకుండా ఇంకోసారి కడిగేస్తుంది. కోడలికి చప్పుడు ఎలాగూ వినబడదు, అయినా ఆవిడ మర్యాద ఆవిడది. కళ్లూ చెవులూ లేని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకుంటుంది కాబోలు. వేళ్లకు తెలియని జిడ్డు ఏముంటుంది? అత్తగారు కడిగి పెట్టిన గిన్నె అంచున మిగిలిపోయిన మరకను ఆమె గోటితో గీకి తీసిన రోజులూ ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గిన్నెలెందుకు తడిగా ఉన్నాయని కొత్తలో ఒకసారి భర్తను అడిగింది. ఆయన ఆమె అరచేతిలో వేలితో ‘ఊరికే’ అని రాసి, ఆమె వేళ్లను మెల్లగా ముడిచి పిడికిలి చేశాడు. ఇక ఆ మాట వదిలెయ్యమని వాళ్లిద్దరి మధ్య అది గుర్తు.

ఆరేళ్లప్పుడు చూపు, ఇరవై దాటాక వినికిడి పోయాయి గానీ ఆమెకు మాట మిగిలింది. తను నోటితో మాట్లాడుతుంది, ఎదుటివాళ్ల మాటను అరచేతిలో అక్షరాలుగా అందుకుంటుంది. ఆయన అప్పట్లో అంధుల లైబ్రరీలో గుమాస్తా. ఆమె అక్కడికి రావడం మొదలైన వారం తిరిగేసరికి అరచేతిలో రాయడం నేర్చుకొచ్చి, మొట్టమొదట రాసిన మాట ‘వాన పడుతోంది, కాసేపు కూర్చోండి’. గంట తర్వాత బయటికొస్తే మెట్లు పొడిగా, ఎండకు కాలిపోతూ ఉన్నాయి. ఆ అబద్ధానికే ముచ్చటపడి ఆమె ఆయన్ని పెళ్లి చేసుకుంది.

వికలాంగుల హక్కుల కోసం ఆమె ఎక్కని మెట్లు లేవు, పెట్టని అర్జీ లేదు. ప్రతి సమావేశానికీ ఆయన సెలవు పెట్టి వచ్చి పక్కన కూర్చునేవాడు. అధికారులన్నది ఆమె అరచేతిలో రాసేవాడు, ఆమె అన్నది మళ్లీ గట్టిగా వాళ్లకి చెప్పేవాడు. తన గొంతు తనకు వినబడదు కనక, స్వరం పెరిగిందంటే ఆయన ఆమె మణికట్టు మీద బొటనవేలితో నొక్కేవాడు. ఆమె వెంటనే తగ్గించేది. ఆడమనిషి నలుగురిలో అరిస్తే ఏం బాగుంటుంది అని చిన్నప్పుడు, చెవులున్న రోజుల్లో, అమ్మ అనడం ఆమెకింకా గుర్తే. తెల్లవారకముందే లేచి, వంట ముగించి, బ్రెయిల్‌లో చుక్కా చుక్కా పొడిచి ఆమె తయారుచేసిన మాటలు ఆయన నోట సభకు చేరేవి. చుట్టాలూ వికలాంగుల సంఘం వాళ్లూ అలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి అనేవారు. ఆమె కూడా అదే అనుకునేది.

ఈసారి ఆమె పట్టుకున్నది దుబాసీ సంగతి. ఆస్పత్రిలో, కోర్టులో, ఆఫీసులో తనలాంటి వాళ్లకి మాట అందించే దుబాసీని సర్కారే జీతమిచ్చి పెట్టాలన్న నిబంధన. నాలుగేళ్లు తిరిగితే కొత్త చట్టం ముసాయిదాలోకి ఎక్కింది. ఇప్పుడు దాన్ని కొట్టేద్దామని ముసాయిదాను పరిశీలించే సర్కారు కమిటీ చూస్తోంది. ఆమె మాట రెండు రోజులు వింటామన్నారు. మొదటి రోజే ఆయనకు నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడు. సంఘం వాళ్లు, శిక్షణ అప్పుడే ముగిసిన ఒక దుబాసీ అమ్మాయిని పంపారు.

ఆ పిల్ల ఏదీ వదిలే రకం కాదు. ‘ఎడమవైపు ఆయన ఆవులించాడు’ అని రాసింది. ‘ఈవిడకి మన మాటలు అర్థమవుతాయా అని కమిటీ అధ్యక్షుడు నన్నడుగుతున్నారు’ అని రాసింది. ఆమె ఉలిక్కిపడింది. పదహారేళ్లలో ఏ సమావేశంలోనూ ఎవరూ ఆవులించిన దాఖలా లేదు మరి. లేచి మాట్లాడటం మొదలుపెడితే ఆ వేలు మళ్లీ కదిలింది. ‘గట్టిగా మాట్లాడండి మేడమ్. రెండో వరసకే వినబడటం లేదు.’

ఇంతకన్నా గట్టిగా అంటే అరిచినట్టుంటుందేమో అంది ఆమె.

‘మీరు గొణుగుతున్నారు మేడమ్.’

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని, ఆయన చేతికి తన అరచెయ్యి అందించింది.

“ఏవండీ, నా గొంతు పెద్దదా?”

ఆయన వేలు అరచేతి మధ్యలో ఆగిపోయింది. చివరికి ‘కాదు’ అని రాసింది.

“మరి ఎందుకు నొక్కేవారు?”

ఈసారి వేలు తడబడుతూ నడిచింది. ఆమె ఘాటుగా అన్నప్పుడల్లా వాళ్ల మొహాలు మారేవట. కొందరు నవ్వుకునేవారట. ఆమెనెవరైనా మాటంటారేమోనని భయమట, అందుకే నొక్కి, ఆ మాటల్లో ఘాటు తీసేసి వాళ్లకి చెప్పేవాడట. ఏమనేవారని అడిగితే ఆయన అలవాటుగా ఆమె వేళ్లు ముడవబోయాడు. ఆమె ముడవనివ్వలేదు. అయిదు వేళ్లూ బిగించి చాచి పట్టుకుంది. అప్పుడు రాశాడు, ఒక్కొక్కటే. గుడ్డీ చెవిటీ మనిషికి చట్టాలు కావలసి వచ్చాయా అన్నారట ఒకచోట. ఈవిడగారి కోరికలకి అంతెక్కడ అన్నారట ఇంకోచోట. అన్నీ అయ్యాక, ‘అమ్మ గిన్నెలు మళ్లీ కడుగుతుంది’ అని కూడా రాశాడు.

“అది నాకు తెలుసులెండి.”

ఆమెకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. కోపం రాలేదంటే అబద్ధం. పదహారేళ్లు తనను తిట్టినవాళ్లకు తను నమస్కారాలు పెట్టి వచ్చింది. కానీ ఆ తిట్లన్నీ ఒక్కడే మోసుకుని ఇంటికి వచ్చిన మనిషి చెయ్యి ఇప్పుడు తన చేతిలో చెమటలు పడుతోంది. ఆ చేతిని తీసి చెంపకు ఆనించుకుంది.

“వాళ్లన్నది నన్నండీ. నొప్పీ నాదే, జవాబూ నాదే. రేపు మీరు రండి, కానీ నా పక్కన వద్దు. చివరి వరసలో కూర్చోండి.”

ఆయన ‘నేను చాలనా?’ అని రాశాడు. ఆమె దుప్పటి సర్ది, మందు ఇచ్చి లేచింది.

మర్నాడు ఆయన నడుం పట్టుకుని వచ్చి చివరి వరసలోనే కూర్చున్నాడు. అధ్యక్షుడు ఆయన్ని గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచి, అందరికీ చూపించాడట. తర్వాత అన్న మాటను దుబాసీ అమ్మాయి అక్షరం పొల్లుపోకుండా రాసింది. ‘ఇంత ప్రేమగా చూసుకునే మీ ఆయన ఉండగా, జీతాలిచ్చి పరాయి మనిషిని పెట్టడం దేనికమ్మా?’

ఆమె లేచి నిలబడింది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, గుండెల నిండా గాలి పీల్చుకుంది. మణికట్టు మీద ఏ వేలూ లేదు.

“ఆయనకి నేనంటే ప్రాణమండీ,” అంది, చివరి వరసకి వినబడేలా. “నాకు నొప్పి కలుగుతుందని పదహారేళ్లు మీ మాటలు నాదాకా రానివ్వలేదు, మీకు కోపం వస్తుందని నా మాటలు మీదాకా రానివ్వలేదు. అంత ప్రేమించే మనిషి ఇంట్లో ఉన్నాడు కాబట్టే, నాకు పరాయి మనిషి కావాలి.”