కాకి ముట్టిన ముద్ద

తాను చచ్చిపోయిన సంగతి మునినారాయణకు చింతామణి బస్సుస్టాండులో తెలిసింది.

అది 1962 జూలై, మిట్టమధ్యాహ్నం. ట్రంకుపెట్టె దించుకుని, ఎరిగున్నవాడే కదా అని టీ అంగడి గంగాధరప్పను పలకరించాడు. గంగాధరప్ప చేతిలోని గ్లాసు జారి భళ్ళుమంది.

"లక్ష్మీదేవమ్మ కొడుకు మునినారాయణవేనా? ఏప్రిల్లో నీ కర్మకు వచ్చి వడలు తినిపోతి గదప్పా!"

బెంచీల మీది జనం ఒక్కొక్కరే లేచిపోయారు. మునినారాయణ నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే చల్లారింది, ఎందుకంటే గంగాధరప్ప నవ్వడం లేదు. మునినారాయణ పాదాలు ముందుకున్నాయా, వెనక్కు తిరిగున్నాయా అని వంగి చూస్తున్నాడు.

మూడు మైళ్ళ దూరంలోని పల్లెకు పెట్టె మోసుకుంటూ నడిచాడు. దారంతా ఒకటే ఆలోచన. అమ్మ ఒక్కసారి 'నారాయణా' అంటే చాలు, ఈ పీడకల వదులుతుంది.

తండ్రి లేని, నాలుగెకరాల రాగిచేను ఉన్న ఇంటి పిల్లవాడికి స్పానిష్ ఎందుకని ఊరంతా అడిగింది. అడగనిది తల్లి ఒక్కతే. ఢిల్లీలో రెండేళ్ళు ఆ భాష చదివాడు. ఇంకో ఏడాది స్పెయిన్‌లో చదివి జూన్ పరీక్ష గట్టెక్కితే ఢిల్లీలోనే అనువాదకుడి ఉద్యోగం ఖాయం. బయలుదేరేనాడు లక్ష్మీదేవమ్మ అన్నది ఒక్కటే. "జాబు రాస్తాండు నాయనా. జాబు వస్తే నువ్వు వచ్చినట్లే."

స్పెయిన్‌లోని సలమాంకాలో మూడు నెలలు గడిచినా అతనికి నోరు తిరగలేదు. జనవరిలో హాస్టలు వదిలి రెమెదియోస్ అనే విధవరాలి ఇంట గదికి మారాడు, రోజంతా ఆ భాషే చెవిన పడుతుందని. ఆమె మొదటిరోజే తేల్చిచెప్పింది. "నీ నోట్లో నీ భాష కూర్చునుంది. అది లేస్తేగానీ మాది కూర్చోదు."

అతనికది మంత్రోపదేశమైపోయింది. తెలుగులో రాయడం మానేశాడు, చదవడం మానేశాడు, తలుచుకోవడం కూడా మానేశాడు. ఇల్లు మారిన సంగతి సైతం ఇంటికి రాయలేదు. హాస్టలు గుమాస్తా రెండు ఉత్తరాలు తెచ్చిస్తే విప్పకుండా పెట్టె అడుగున పడేశాడు. ఆ తర్వాత ఆ గుమాస్తా పని మానేసి వెళ్ళిపోయాడు, కొత్తవాడికి ఇతని ఇల్లు తెలియదు. ఆహా, ఏం తెలివి! తల్లి ప్రాణం కూడా పరీక్షలదాకా ఓపిక పడుతుందనుకున్నాడు మహానుభావుడు. పరీక్ష ప్యాసయ్యాక ఏ ముఖం పెట్టుకుని రాయాలో తోచక, నేరుగా వెళ్ళి కాళ్ళ మీద పడదామని ఓడెక్కాడు.

ఇంటి అరుగు మీద మేనమామ వెంకటరామప్ప కూర్చునున్నాడు. మేనల్లుణ్ణి చూసి లేచాడు, మళ్ళీ కూలబడ్డాడు. తర్వాత లేచి ముందుకొచ్చి అతని చెయ్యి పట్టి చూశాడు. వెచ్చగానే ఉంది.

"మేము రాసిన జాబు మార్చిలో తిరిగొచ్చెరా. దాని మీద ఎర్ర పెన్సిలుతో ఏమో రాసినారు. మా మేష్ట్రుకు తెలీలేదు, చింతామణిలో ఎవురికీ తెలీలేదు. బాగేపల్లిలో శాస్త్రం చెప్పేవాని దగ్గరికి పోతి. నీళ్ళు దాటినోడు లేడు అనె."

గూట్లోంచి ఆ కవరు తెచ్చి ఇచ్చాడు. మునినారాయణ చదివాడు. ఇల్లు మారాడు, కొత్త చిరునామా తెలియదు. అంతే ఉంది. చింతామణి తాలూకా మొత్తంలో ఆ రెండు స్పానిష్ ముక్కలు చదవగలవాడు తానొక్కడే.

"దర్భబొమ్మ చేసి కాల్చినాము. ఏప్రిల్ పద్నాలుగున కాకికి కూడు పెట్టినాము. మా నాయనకు పెట్టినప్పుడు పొద్దు గూకేదాకా కాచినాము. నీకు పెట్టి చేతులు కడగలేదు, అంతలోనే కాకి వాలి ముద్ద ముట్టె. మీ అమ్మ కండ్లారా చూసిందిరా."

ఏప్రిల్ పద్నాలుగు. ఆ తేదీ మునినారాయణ డైరీలో ఉంది. ఆ ఉదయమే రెమెదియోస్ కాఫీ పోస్తూ, రాత్రి నిద్రలో మా భాషే మాట్లాడావు, ఇక నీకు ఢోకా లేదు అన్నది. అతను సంబరపడి రాసుకున్నాడు. ఆనాటి నుంచి కలలోకి ఒక్కసారి కూడా అమ్మ రాలేదు. అది మాత్రం రాసుకోలేదు.

గడప దగ్గర అడుగుల చప్పుడైంది. లక్ష్మీదేవమ్మ చిక్కి సగమైపోయింది. అతను గబుక్కున లేచి నోరు తెరిచాడు. "మాద్రె," అని స్పానిష్‌లో వచ్చింది. "అమ్మా" దాని వెనక వచ్చింది.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎండలో వచ్చినట్లుండారు. మజ్జిగ తాగండప్పా."

కొట్టినా బాగుండేది. కన్నకొడుకును 'అండి' అన్నది.

మర్నాడు పురోహితుడు మార్గం చెప్పాడు. కర్మ జరిగినవాడు తిరిగొస్తే మళ్ళీ పుట్టాలి. ఇరవైనాలుగేళ్ళవాణ్ణి గంగాళంలో నీళ్ళు పోసి, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడిచి కూర్చోబెట్టారు. చూడవచ్చినవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. అతనికి నవ్వూ రాలేదు, సిగ్గూ వేయలేదు. తల్లి చేత్తో నాలుక మీద తేనె పడుతుందని కాచుకున్నాడు. ఆమె తేనె రాసింది, పురోహితుడు చెప్పిన ప్రకారం ఆంజనేయప్ప అని మూడుసార్లు చెవిలో పిలిచింది. తర్వాత వేళ్ళు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వారం రోజుల్లో ఊరందరికీ అతను ఆంజనేయప్ప అయ్యాడు. ఢిల్లీ నుంచి ఉద్యోగపు కాగితం మునినారాయణ పేరున వచ్చింది. టపా మనిషి దాన్ని దూరం నుంచే అరుగు మీదికి విసిరిపోయాడు.

ఆ మధ్యాహ్నం అతను వంటింట్లో రాగిముద్ద ముందు కూర్చున్నాడు. లక్ష్మీదేవమ్మ పెరటి గోడ మీద ఇంకో ముద్ద పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూసింది.

"నారాయణా! రా నాయనా, పొద్దాయె."

చిన్నప్పుడు చేలోంచి పిలిచిన పిలుపే అది. ముద్ద వదిలేసి పెరట్లోకి పరుగెత్తాడు. ఈసారి మాట తడబడలేదు, అచ్చం ఆ ఇంటి తెలుగే వచ్చింది.

"వస్తాండానమ్మా!"

గోడ మీద కాకి వాలింది. లక్ష్మీదేవమ్మ వెనక్కు తిరగకుండానే అతని వైపు చెయ్యి చాపి ఆపింది.

"మెల్లగప్పా," అంది గుసగుసగా. "చప్పుడు చేయకండి. నా కొడుకు తింటాండాడు."