చెప్పు చెప్పిన మాట

పొద్దున్నే చెప్పులు కుట్టే కొట్టు షట్టరు ఎత్తి, సూదీ దారం ముందు పెట్టుకుని, ఆవిడ తెగిన చెప్పుల్ని ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకునేది. చెప్పులు తమను తొడిగే పాదాల సంగతులు ఆవిడకు చెప్పేవి. ఆ సందులో అందరికీ అది మామూలే. ఏమంటోందమ్మా అని అడిగి, మడమ ఎముక పెరుగుతోందట చూపించుకో అంటే, సరేనని వెళ్ళేవాళ్ళు.

ఆరేళ్ళ కిందట భర్త చెప్పు కూడా చెప్పింది. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తోంది, ఆగితే తగ్గుతోంది, కాలికి నెత్తురు అందడం లేదని. అతను గోదాములో మూటలు మోసేవాడు. ఆసుపత్రికి సెలవడిగితే సూపర్‌వైజరు పనిదొంగ అన్నాడు, వెళ్తే మళ్ళీ రావద్దన్నాడు. అలా మూడు నెలలు గడిచేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. అప్పట్నుంచీ కొట్లోనే కూర్చుని పాలిష్ పడుతున్నాడు.

ఈమధ్య ఆ సూపర్‌వైజరు తన చెప్పు డ్రైవరుతో పంపాడు. చెవి దగ్గర పెట్టుకోగానే ఆవిడకు తెలిసిపోయింది. అదే పిక్క నొప్పి, అవే చల్లటి వేళ్ళు. పైగా రోజుకో పెట్టె సిగరెట్లు. డ్రైవరు అడిగితే ఏమీ లేదంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

రెండోసారి వచ్చినప్పుడు, బొటనవేలి మీద పుండు మానడం లేదంది చెప్పు. ఆవిడ కడుపు చల్లబడింది.

మూడోసారి అతనే వచ్చాడు. సందు మొదట్నుంచి కొట్టు దాకా మూడు చోట్ల ఆగాడు. వయసు మీద పడుతోందన్నాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది. భర్త ఆమె ముఖం చూసి కనిపెట్టేశాడు.

"చెప్పెయ్," అన్నాడు మెల్లగా.

"నాకు నోరు రాదు."

"కాలు పోతే వాడు ఇంట్లో కూర్చుంటాడు. నా ముందు తలొంచి నిలబడేదెప్పుడు?"

ఆ మాట ఆవిడకు నచ్చింది.

"అది వయసు కాదు. మీ కాలికి నెత్తురు అందడం లేదు. ఇవాళే వెళ్ళండి, రేపంటే వేళ్ళు పోతాయి," అంది, సందంతా వినేలా.

అతను బెదిరిపోయి ఆ పూటే వెళ్ళాడు. డాక్టర్లు చీలమండ దగ్గర రక్తపోటు చూసి, మూసుకుపోయిన నాళాన్ని సన్నటి గొట్టం పంపి తెరిచారు. ఇంకో వారం ఆగితే కాలు దక్కేది కాదన్నారు. సిగరెట్టు ముడితే మళ్ళీ మొదటికొస్తుందన్నారు.

నెల తర్వాత అతను ఎక్కడా ఆగకుండా నడిచొచ్చి చేతులు జోడించాడు.

"నాక్కాదు, ఆయనకి," అంది ఆవిడ తలెత్తకుండా.

అతను భర్త ఎదుటికెళ్ళాడు. మడిచి కుట్టిన పంట్లాం కాలు చూశాడు. నా వల్లే అన్నాడు. భర్త మనసు కరిగి, కూర్చోమని స్టూలు చూపించాడు.

ఆవిడ లేచి, ఆ స్టూలు తీసి లోపల పెట్టేసింది.