రెండు చుక్కల నీళ్లు

"తలుపేసుకో మే. నీ చేపల కంపు హాల్లోకొస్తే సార్ ముక్కు చెడిపోతాది," అని ముఖేష్ వంటింట్లోకి తొంగిచూసి పోయాడు. రోజారమణి మూకుట్లో ముక్క తిరగేసింది. ముక్కు గురించి ఈయన చెప్పాలి మరి!

తడ దగ్గర విస్కీ ఫ్యాక్టరీలో, పీపాల గోడౌన్‌లో అతని ఉద్యోగం. స్పెయిన్ నుంచి వచ్చిన, షెర్రీ అనే ద్రాక్షసారా నానిన చెక్క పీపాల్లో సింగిల్ మాల్ట్ అనే ఖరీదైన విస్కీ ఏళ్లతరబడి మాగుతుంది. ఏ పీపా ఎలా మాగిందో వాసన చూసి రాయడం అతని పని. అయ్యగారి ముక్కుకు అన్నీ ఒకటే. అందుకే మూడేళ్లుగా అత్త పూజలో ఉన్నప్పుడు సాంపిల్ సీసా తెచ్చి పెళ్లాం ముక్కు కింద పెడుతున్నాడు. పులికాట్ ఒడ్డున ఎండుచేపలమ్మే తల్లి దగ్గర పెరిగిన పిల్ల ఆమె. గంప మూత తీయకుండానే ఎన్ని ఎండలు తిన్న చేపో చెప్పేది. గిన్నెలు తోముతూనే "ఎండుద్రాక్ష, అడుగున తాటిబెల్లం, చివర్లో నారింజ తొక్క" అనేది. అతను ఇంగ్లీషులో రాసుకునేవాడు. "మావోడి ముక్కు బంగారం" అని అత్త ఆదిశేషమ్మ వీధంతా చెప్పుకునేది. ఒకసారి రోజారమణి నోరు తెరిచి "నా పేరూ చెప్పరాదా?" అని మొగుణ్ని అడిగింది. "ఆడదానికి మందు వాసన తెలుసంటే మాయమ్మ ఉరేసుకుంటాది" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఒళ్లు మండిపోయింది.

ఈరోజు ఫ్యాక్టరీలో ఏ పీపా సరుకు దేంతో కలపాలో తేల్చే పెద్ద బ్లెండరు సంజీవరావు భోజనానికొచ్చాడు, రెండు సాంపిల్ సీసాలతో. వాటి వాసన ముఖేష్ సరిగ్గా చెబితే తన కింద బ్లెండరుగా తీసుకుంటాడట. ఇక జీవితాంతం ఆమె ముక్కు అతని పేరు మీదే.

"రెండు చుక్కల నీళ్లు కలుపుకొస్తా సార్, వాసన విచ్చుకుంటాది," అంటూ ముఖేష్ గ్లాసుతో వంటింట్లో దూరాడు. "బిన్నా చెప్పు, సార్ ఎదురుచూస్తా ఉండాడు."

ఆమె గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. దీపావళి మర్నాడు పొద్దున వీధిలో కొట్టే వాసన. గంధకం! ఖాళీ పీపా బూజు పట్టకుండా వేసే పొగ. ఖర్జూరం, లవంగం ఎక్కడో అట్టడుగున ఊపిరాడక కొట్టుకుంటున్నాయి.

"ఏందిమే ఆలోచిస్తావు? ఎప్పుడూ చెప్పేదేగా, ద్రాక్షా బెల్లమూ. పెద్ద పనేముంది దీంట్లో?"

పెద్ద పనేముంది! ఊరుకుంటే చాలు. పోయి ద్రాక్ష అంటాడు, పరువు పోగొట్టుకుంటాడు. కానీ అప్పుడు కూడా తనెవరో ఎవరికీ తెలియదు కదా. చెబితే రేపట్నుంచి అత్త నోట్లో నానాలి, ఈ మనిషితో ఒకే ఇంట్లో బతకాలి. పొయ్యి కట్టేసింది. గ్లాసు పట్టుకుని హాల్లోకి నడిచింది.

"సార్, ఈ పీపా పనికిరాదు. గంధకం పొగ బాగా పట్టేసుంది."

సంజీవరావు చేతిలోని ప్లేటు కింద పెట్టాడు. "పరీక్షకని కావాలనే తెచ్చానమ్మా దీన్ని. మీకెలా తెలుసు?"

"మూడేళ్లుగా వాసన చూసేది నేనే సార్. రాసేది ఆయన."

"అయ్యో, మందు వాసన చూస్తావా నువ్వు!" అంటూ హాల్లో ఓ పక్కన కూర్చున్న ఆదిశేషమ్మ లేచి నిలబడింది. ముఖేష్ వెనకనుంచి వచ్చి మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నా ఉద్యోగం పోతాది మే," అన్నాడు పళ్ల మధ్యనుంచి.

రోజారమణి చెయ్యి విడిపించుకుంది. "నీది పోతాదేమో. నాది ఇంకా రానే లేదు," అని, సంజీవరావు వైపు తిరిగింది. "ఆ రెండో సీసా ఇటియ్యండి సార్."