మూడు ముళ్లు

రోకలి ఎత్తి దించినప్పుడల్లా గంగులప్ప ఎడమ భుజం కటుక్కుమంటోంది. రోట్లో ఎండుటాకు నలిగి ధూళిగా లేస్తోంది. మూతికి తువ్వాలు కట్టుకున్నా నాలుక చేదెక్కింది. పదకొండేళ్లుగా ఆ చేదు అతనితోనే పాకాలలో రైలెక్కి తిరుపతికి వస్తోంది, సాయంత్రం అతనితోనే ఇంటికి పోతోంది. చేతులు ఎంత కడిగినా గోళ్ల కింద పచ్చగా మిగులుతుంది.

"ఆపు. లోపలికి రా."

గుమ్మంలో గిరిప్రసాద్. మందుమొక్కల్లో మలేరియాకు విరుగుడు వెతికే ఆ ప్రయోగశాలకు పెద్ద. చేతిలో చెన్నై నుంచి వచ్చిన పరీక్ష ఫలితాల కాగితం. వెనకాల కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని భవిత, తల వంచుకుని.

లోపల బల్ల మీద మూడు సీసాలు, మూడు చీటీలు.

"నువ్విచ్చిన నేలవేములో మలేరియా క్రిమి హాయిగా పెరిగిందట. ఊరికే పోలికకు పెట్టిన గులిమిడి మొక్క పొడి మాత్రం చంపేసిందట. గట్టు మీద గడ్డి కోసుకొచ్చి నా నెత్తిన పోశావా?"

గంగులప్ప నేలవేము చీటీ ఉన్న సీసా మూత తీశాడు. పొడిలో వేలద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఇది గులిమిడి సారూ. దీని సేదు గబుక్కున వచ్చి గబుక్కున పోతాది. నేలవేము సేదు ఆలస్యంగా వస్తాది, వచ్చినాక పోదు. చీటీలు మారినాయి."

"ఓహో! తప్పు మాదన్నమాట."

"సంచులు తెచ్చిన దినం ఈ పాప అడిగినాది, నేలవేము యాది అని. పీకిన దినం పొద్దు మునిగేదాకా దాని పేరు మేము ఎత్తము. ఎత్తితే గుణం పోతాదని మా నాయన మాట. అందుకని మూడు వేళ్లు సూపిచ్చినా. మూడు ముళ్లేసిన సంచి అని."

భవిత పెదవులు కదిలాయి. ఆవేళ ఆమె వరసలో మూడో సంచి అనుకుని, దానికే నేలవేము చీటీ అంటించింది.

"మూడు ముళ్లా? సంచికి తాళి కట్టినావేందయ్యా?" గిరిప్రసాద్ పగలబడి నవ్వాడు.

ఆ ఎగతాళి గంగులప్పకు కొత్తది కాదు. భార్య నాగరత్నమ్మ బతికున్నప్పుడు సంచుల మూతులు ఆమే కట్టేది. గులిమిడికి ఒక ముడి, తిప్పతీగకు రెండు, నేలవేముకు మూడు. "నీ పెద్ద పెండ్లాము ఇదే గదా, మూడు ముళ్లూ దీనికే" అనేది. ఆమె పోయి అయిదేళ్లయినా అతను అట్లాగే కడుతున్నాడు.

"ముళ్లు ఇప్పకుండా కోసిన తాళ్లు ఆడనే కొక్కేనికి ఉండాయి. సూడండి సారూ."

"పేరు రాసుకోవడం రాదు, మా చీటీలకు వంకలు పెడతావా? నేలవేము పని ఇంతటితో మూసేస్తున్నాను. నువ్వు రేపటి నుంచి రావద్దు."

"నన్ను మానుకోండి సారూ. దాన్ని మానుకోవద్దండి. ఇంకొక్కసారి పంపించి సూడండి. దాని తప్పేం లేదు."

గిరిప్రసాద్ అప్పటికే ఫోన్ చూసుకుంటున్నాడు. గంగులప్ప భవిత వైపు చూశాడు. ఆమె నేల చూసింది.

రోట్లో మిగిలిన ఆకు దంచి, జల్లించి, రోలు తుడిచి పెట్టాడు. ఊడ్చే భారతమ్మ టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది.

"చక్కెర రెండింతలు ఏసినా. తాగన్నా. వాళ్ల నోళ్లు నీ ఆకు కంటే సేదు."

తాగాడు. చాలా రోజుల తర్వాత తీపి తెలిసింది.

సాయంత్రం రైల్లో ఎవరో ఒకామె పిల్లను ఒళ్లోకి తీసుకుని కిటికీ పక్కన చోటిచ్చింది. గాలి చల్లగా తగిలింది. ఎడమ భుజం నొప్పి మోచేతి దాకా పాకింది. గంగులప్ప తల కమ్మీకి ఆనించాడు. చంద్రగిరి కొండలు వెనక్కి పోయాయి.

పాకాలలో దిగాల్సినవాళ్లంతా దిగారు. గంగులప్ప దిగలేదు. నిద్రపోతున్నాడనుకుని ఆ పిల్లతల్లి, జారిన తువ్వాలు అతని భుజం మీద సర్ది దిగిపోయింది.

మర్నాడు ఎవరూ రాకముందే భవిత వచ్చింది. కొక్కేనికి వేలాడుతున్న తాళ్లలో ఒకదాన్ని వేళ్లతో తడిమింది. ఒకటి, రెండు, మూడు. మూడో ముడిలో ఎండుటాకు తునక ఇరుక్కుని ఉంది. గోటితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

ఏమీ తెలియలేదు. సీసాలకు కొత్త చీటీలు రాయడానికి కలం అందుకుంటుండగా గొంతులో మొదలైంది చేదు. ఆమె వదిలిన తాడు కొక్కేనికి ఇంకా ఊగుతోంది, మూడు ముళ్లతో.