ఒక్క కార్డు తేడాలో

అల్లుడికి నోరు పుట్టుకతో వచ్చిన ఆస్తి. అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ అతను ‘మైకు’. బార్బర్ షాపు నడుపుతాడు. కుర్చీలో కూర్చున్నవాడి జుట్టు కత్తిరించేలోపు వాడి మూడు తరాల చరిత్ర లాగేస్తాడు. ఆదివారాలు బజారు ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్. అక్కడా అంతే. బంతిని కాలితో ఆపుతాడు, రిఫరీని నోటితో ఆపుతాడు.

ఆ జట్టు కోచ్ స్వయానా అతని మామగారు. టైలరు. మాటకూ మాటకూ మధ్య ఒక చొక్కా కుట్టేయగల మనిషి. పెళ్లయి ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నా అల్లుడితో ఆయన సంభాషణ ‘ఊఁ’, ‘సరే’ దాటలేదు. కూతురితో మాత్రం ఒకసారి, “మంచివాడేనమ్మా, నోటికే తాళం లేదు” అన్నారట. ఆ మాట అల్లుడి మనసులో గుండుసూదిలా దిగబడిపోయింది.

ఈ సీజన్‌తో మామగారు కోచ్ పని మానేస్తున్నారు. ఎన్నిసార్లు రెండో స్థానంలో ఆగిపోయారో గానీ కప్పు మాత్రం ఒక్కసారీ దక్కలేదు. ఈసారైనా దాన్ని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాలి, ఆ నోట ఒక్క మంచిమాట వినాలి. అల్లుడి కోరికల్లా అదే.

చివరి ఆటకు వారం ముందు అల్లుడి భార్య తండ్రి షాపులో గుడ్డలు కత్తిరించే బల్ల మీద గుండీలు పరిచి కూర్చుంది. ఆ ఇంట్లో లెక్క ఆమెదే.

“డిపో జట్టు వాళ్ల ఆటలన్నీ అయిపోయాయి. పదహారు పాయింట్లు. మనకి పదమూడు. ఆదివారం గెలిస్తే మూడొస్తాయి, మనకీ పదహారే.”

“సమానమైతే?” అన్నాడు అల్లుడు.

“వేసిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేస్తారు. వాళ్లకి ఎనిమిది మిగిలాయి, మనకి ఏడు. ఒక్క గోల్ తేడాతో గెలిస్తే మనకీ ఎనిమిదే.”

“అదీ సమానమేనా!”

“అప్పుడు మొత్తం ఎన్ని గోల్స్ వేశారో చూస్తారు. వాళ్లు పద్నాలుగు, మనం పదమూడు. ఒకటి–సున్నాతో గెలిచామనుకోండి, అదీ సమానమే. పోనీ రెండు జట్లూ ఆడుకున్న ఆట చూద్దామంటే, అది డ్రా.”

“ఇదేం దిక్కుమాలిన లెక్కే! రెండు గోల్స్ వేసేస్తే పోలా?”

మామగారు గుడ్డ మీంచి తలెత్తి అల్లుడి వంక జాలిగా చూశారు. ఆదివారం ఆట పోస్టాఫీసు జట్టుతో. వాళ్లు గోల్ ముందు గోడ కట్టినట్టు నిలబడతారు. వాళ్ల మీద రెండు గోల్స్ అంటే గొంతెమ్మ కోరికే.

“చివరికి రిఫరీ ఇచ్చిన పసుపు కార్డులు చూస్తారు” అంది ఆమె పసుపు గుండీలు తీస్తూ. “ఎవరికి తక్కువుంటే వాళ్లదే కప్పు. డిపోకి నాలుగు, మనకి మూడు. అవి కూడా సమానమైతే కప్పు నిరుడు గెలిచినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. నిరుడు గెలిచింది డిపోనే.”

“మన మూడూ ఎవరివి?” అన్నాడు అల్లుడు అమాయకంగా.

ఆమె మూడు పసుపు గుండీలూ భర్త ముందుకు తోసింది. మూడూ రిఫరీతో వాదనకు దిగి తెచ్చుకున్నవే.

మామగారు కత్తెర పక్కన పెట్టారు. “ఆదివారం ఒక్కరోజు నోరు మూసుకుంటావా అల్లుడూ?”

ఇన్నేళ్లలో ఆయన తనతో మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే. అల్లుడు నోరు తెరవకుండా తలూపాడు.

అభ్యాసం మర్నాడే మొదలైంది. షాపులో కత్తెర చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఒక కస్టమరు “ఒంట్లో బాగాలేదా?” అని నుదురు తాకి చూశాడు. ఇంకొకడు ఎవరో పోయారనుకుని, సగం గడ్డంతోనే లేచి పరామర్శించాడు. ఇంట్లో అన్నం దగ్గర కూడా సైగలే. భార్య రెండు రోజులు నవ్వింది, మూడోరోజు నుంచి ఆమెకూ ఏమీ తోచలేదు.

ఆదివారం రానే వచ్చింది. రెండో సగంలో బజారు జట్టు కిందా మీదా పడి ఒక గోల్ వేసింది. అనుకున్నట్టే ఒకటి–సున్నా. ఇక గోల్ తినకూడదు, కార్డు తినకూడదు.

పోస్టాఫీసు జట్టు ఫార్వర్డ్, ఉత్తరాల సంచులు మోసి మోసి రాటుదేలిన భారీ మనిషి, తన కాలు తనకే తగిలి బోర్లా పడ్డాడు. రిఫరీ అల్లుడి వైపు వేలు చూపించి ఫ్రీకిక్ ఇచ్చేశాడు. అల్లుడి గొంతు దాకా ఒక గ్రంథమంత జవాబొచ్చింది. గుటకేసి లోపలికి నెట్టేశాడు. ఫ్రీకిక్ గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది.

ఇంకాసేపటికి ఆ ఫార్వర్డ్ మోచెయ్యి వచ్చి అల్లుడి ముక్కు మీద పడింది. కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాడు. చొక్కా ముందంతా రక్తం. రిఫరీ వచ్చి, “నీ నాటకాలు నాకు తెలుసు. లే!” అన్నాడు.

అల్లుడు పళ్లు బిగించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికి కాదు, అవమానానికి. అయినా పెదవి కదపలేదు.

అప్పుడు మైదానం అదిరేలా ఒక గొంతు లేచింది.

“నాటకమా? కళ్లున్నాయా నీకు? ఆ రక్తం కనబడట్లేదూ? మావాడు వాగుతాడేమో గానీ అబద్ధమాడడు! ఏమనుకున్నావ్ మావాణ్ణి?”

మామగారు! మెడలో టేపు వేలాడుతుండగా, గీత దాటి మైదానం మధ్యకొచ్చేసి రిఫరీ ముఖంలో ముఖం పెట్టి అరుస్తున్నారు. ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఆయనకు గొంతుందన్న సంగతి చాలామందికి ఆరోజే తెలిసింది. రిఫరీ జేబులోంచి పసుపు కార్డు తీశాడు. కోచ్‌కి చూపించిన కార్డు కూడా జట్టు ఖాతాలోకే వెళ్తుంది.

ఆట ఒకటి–సున్నాతోనే ముగిసింది. పాయింట్లు సమానం, గోల్స్ సమానం, కార్డులూ సమానం. కప్పు డిపోలోనే ఉండిపోయింది.

అందరూ వెళ్లిపోయాక అల్లుడు ముక్కులో దూది పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. మామగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

“కప్పు పోయింది కదా మామయ్యా” అన్నాడు అల్లుడు మెల్లగా.

“పోతే పోయింది. ఏదీ, ముక్కిలా చూపించు.” గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. “విరగలేదు.”

మావాడు, మావాడు అని అల్లుడి చెవుల్లో ఆ గొంతే మోగుతోంది. ఎంత సంతోషంగా ఉందో చెప్పుకోవడానికి, జన్మలో మొదటిసారి, అతనికి మాట దొరకలేదు.

“ఏదన్నా మాట్లాడవయ్యా” అన్నారు మామగారు నేల చూపులు చూస్తూ. “వారం నుంచీ ఇల్లు ఇల్లులా లేదు.”

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. రిఫరీతో మొదలుపెట్టాడు. వాళ్ల వీధి మలుపు తిరిగేసరికి రిఫరీ తాతగారి దాకా వచ్చాడు. మామగారు పక్కనే నడుస్తూ, మధ్యమధ్యలో ఒకటీ అరా తానూ అందిస్తున్నారు.