ద్వారబంధం మీద వేలెడంత చోటు

నా పనేమిటని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. యేసును నమ్మిన యూదుల జీవితాలు సేకరిస్తాను. వైద్యులు, దర్జీలు, చేపలమ్మినవాళ్ళు, బడిపంతుళ్ళు. వెనకటి శతాబ్దాల నుంచి మొన్నమొన్నటి దాకా. అటు యూదులని అడిగితే "మావాడు కాదు, పోయాడు" అంటారు. ఇటు క్రైస్తవులని అడిగితే "మావాడే గానీ, పాత అలవాట్లు పోలేదు" అని మూతి విరుస్తారు. 'రెంటికీ చెడ్డ రేవళ్ళు' అని పుస్తకానికి పేరు పెట్టమని మా ఆయన నెలకోసారైనా సలహా ఇస్తాడు. ఆ సామెత వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇద్దరూ కలిసి గెంటేసి, పైగా చెడిపోయాడని పేరు పెట్టడం ఏం న్యాయం?

చివరి అధ్యాయం గడియారాలు బాగుచేసే ఒకాయనది. ఊళ్ళో అందరూ నీలంతలుపాయన అనేవారట. ఆయన మనవరాలు ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటుంది. యూదుల పద్ధతి ఒక్కటి కూడా తప్పని పెద్దావిడ. ఆయన కథ వేసుకోవాలంటే ఆవిడ సంతకం కావాలి. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"బాప్తిస్మం తీసుకున్న రోజే మా తాత గుమ్మానికున్న మెజూజాని తన చేత్తో పీకి పారేశాడు. ఆ మాట రాస్తేనే సంతకం."

మెజూజా అంటే లేఖనవాక్యాలు రాసిన చిన్న చర్మపు చుట్ట. దాన్ని వేలెడంత గొట్టంలో పెట్టి ద్వారబంధానికి కుడివైపున ఏటవాలుగా బిగిస్తారు. వస్తూ పోతూ వేళ్ళతో తాకి, ఆ వేళ్ళని ముద్దు పెట్టుకుంటారు. దాన్ని పీకి పారేయడమంటే కన్నవాళ్ళ మొహం మీద తలుపు వేయడమే.

"పీకడం ఎవరైనా చూశారా, పెద్దమ్మా?"

"చూడ్డం దేనికి? మా నాన్న చెప్పాడు. అప్పటికాయన చంటిపిల్లాడు, తల్లి పురిట్లోనే పోయింది. తాత చేసిన పని చెవిన పడగానే తాత వాళ్ళమ్మ పిల్లాణ్ణి తెప్పించుకుని తనే పెంచింది. చచ్చేదాకా మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. మా నాన్నా తొక్కలేదు. తాత పోయాకే మమ్మల్ని తీసుకొచ్చి, ఈ కొత్తది బిగించాడు."

"అయితే 'పీకేశాడట' అని రాస్తాను."

"అట లేదు, గిట లేదు. మా నాన్న అబద్ధం ఆడడు."

నేనూ మొండిదాన్నే. చూసినవాళ్ళు లేని మాటను చూసినట్టు రాయను. అలా ఇద్దరం టీలు తాగుతూ మూడు వారాలు పోట్లాడుకున్నాం.

నాలుగోసారి వెళ్ళేసరికి వీధిగుమ్మం దగ్గర పెయింటరు ఉన్నాడు. వానలకి రంగు పెచ్చులు లేచిపోయిందని ఆవిడ పిలిపించింది. అతను ఇత్తడి గొట్టం మరలు విప్పి చేతికిస్తే, ఆవిడ దాన్ని రుమాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూచుంది. అతను ద్వారబంధాన్ని పైనుంచి గీకడం మొదలుపెట్టాడు. కాఫీరంగు పొర లేచింది. కింద నీలం కనపడింది.

"కాఫీరంగు మా నాన్న వేయించింది, మేం వచ్చిన కొత్తల్లో. నీలం తాతది. బాప్తిస్మమైన మర్నాడు ఎవరో గుమ్మం మీద తారు కుమ్మరించారట. అది కనపడకుండా నీలం పూశాడు," అంది ఆవిడ.

నీలం కింద నిజంగానే తారు ఉంది. పైనుంచి చారలుగా కారి ఎండిపోయింది. బ్లేడు గొట్టం ఉండిన చోటికి వచ్చింది. అక్కడ కాఫీరంగు లేచాక కింద నీలం లేదు. తారూ లేదు. ఏటవాలుగా, వేలెడంత మేర, ఉత్త కర్ర. తారు చార ఆ అంచు దాకా వచ్చి ఆగి, పక్కనుంచి దిగింది.

"ఆగు బాబూ!" అని అరిచాను. ఇన్నాళ్ళకి చేతికి చిక్కిన సాక్ష్యం! ఎగిరి గంతేయాలనిపించింది.

పెద్దావిడ లేచి వచ్చి ఆ చోటు మీద వేలు పెట్టింది.

"ఇక్కడ తారు లేదేం?"

నోరు మూసుకుని ఉండాల్సింది. నా నోటికి ఆ అలవాటు లేదు. "తారు పోసినప్పుడు దీని మీద పాతది ఉంది, పెద్దమ్మా. నీలం పూసినప్పుడూ ఉంది. కాఫీరంగు వేసే ముందే తీశారు."

"అంటే మా నాన్న."

నేను తల ఊపాను. ఆవిడ మొహం చూశాక నా సంబరం కాస్తా నీరుగారిపోయింది. ఒక మనిషి నిర్దోషి అని తేల్చి, ఈవిడకి తండ్రిని లేకుండా చేశానేమోనని భయం వేసింది.

ఆవిడ మళ్ళీ కుర్చీలో కూచుంది. రుమాలు విప్పి, గొట్టం మూత తీసి, లోపలి చుట్టని వేలికొసలతో బయటికి లాగింది. చర్మం వెనకవైపు, ఒక అంచున, బొటనవేలంత నల్లటి మరక ఉంది.

"దీన్ని లేఖకుల చేత పరీక్ష చేయించినప్పుడల్లా, మరక అక్షరాలకి తగల్లేదు, పరవాలేదు అనేవాళ్ళు. చిన్నప్పుడు నాన్ననడిగితే సిరా అన్నాడు," అంటూ దాన్ని ద్వారబంధం మీది తారు చార పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే నలుపు.

తారు లోపలికీ దిగిన పాత గొట్టాన్ని ఆవిడ నాన్న మార్చాడు. చుట్టని మాత్రం ఉంచేశాడు. తన తండ్రి దాన్ని పీకలేదని, ఆ తండ్రి పోయాక ఈ గుమ్మం ముందు నిలబడ్డాకే తెలిసి ఉంటుంది ఆయనకి. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు?

"ఆవిడ ఒక్కసారి ఈ వీధిలోకొచ్చి చూసుంటే సరిపోయేది," అంది పెద్దావిడ తన ముత్తవ్వని తలుచుకుని. కళ్ళు తుడుచుకోలేదు. "నేనొకదాన్ని. ముట్టుకున్నప్పుడల్లా, నువ్వు పీకావు, మేం పెట్టాం అని తాతని తిట్టుకుంటూనే ముట్టుకున్నాను. ఆయనదే ముట్టుకున్నాను."

పెయింటరు మెల్లిగా అడిగాడు. "ఈ చోట పుట్టీ పెట్టమంటారా అమ్మా?"

"వద్దు నాయనా. దానికి రంగు తగలనీకు. గొట్టం మళ్ళీ అక్కడే బిగించు." తర్వాత నావైపు తిరిగింది. "కాగితం తే, సంతకం పెడతాను."

"మరి షరతు?"

"మా తాత పీకలేదని రాయి. మా నాన్న నాతో అబద్ధం ఆడాడని రాయి." ఆ చుట్టని మళ్ళీ గొట్టంలోకి దూర్చింది. "కానీ అమ్మాయ్, మా నాన్న దీన్ని పారెయ్యలేదని కూడా రాయి. ఆ వాక్యం పక్కనే రాయి."