గదిలో మొలిచిన వెదురు

పొద్దున్నే లేవగానే ఫుమినోకి రెండు పనులు. కొడుకు తకుమి గిన్నెలో వేడన్నం పెట్టాలి. పడగ్గదిలో చాపను చీల్చుకుని మొలిచిన వెదురుకి నీళ్ళు పొయ్యాలి. సరస్సులో ఆల్చిప్పల పడవ బోల్తాపడి తకుమి పోయిన నలభైతొమ్మిదో రోజున మొలిచింది ఆ వెదురు. రెండేళ్ళకి ఇంటికప్పు దాటిపోయింది. పక్కింటి ఇనే అవ్వ పిండిముద్దలు చుట్టుకోవడానికి ఆకులు కోసుకుపోతూ, "కాస్త కిందికి పెరగమని చెప్పవే, చెయ్యందక చస్తున్నా" అని సణిగేది. సాదో దీవిలో ఆ వెదురు గురించి అంతకుమించి మాటే లేదు.

గొడవంతా గిన్నె గురించే. పోయినవాళ్ళ పీఠం ముందు అన్నం అందరూ పెడతారు. ఫుమినో మాత్రం భోజనాల బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేది. అది ఆమె అన్న మొసాకుకి తలవంపులైపోయింది.

"ఎల్లుండి పదింటి పడవకి తయారుగా ఉండు" అన్నాడు ఓ రోజు, కాగితం బల్ల మీద పరిచి. "సముద్రం అవతలి ఒడ్డున పిచ్చాసుపత్రి ఉంది. నేను ముద్ర వేస్తే చేర్చుకుంటారు."

"వేసెయ్యి మరి. ముహూర్తం చూస్తున్నావా?"

"రేపు ఆట కానీ."

ఏటా జూన్‌లో గుడి ముంగిట చెక్క రంగం మీద కొయ్యముఖాలు తొడుక్కుని ఆడే పాత నాటకం అది. బిడ్డ తప్పిపోయి మతిచెడిన తల్లి కథ. ఆడేదంతా వరిచేలో బురద తొక్కే మగాళ్ళే. తల్లి వేషం ముప్పై ఏళ్ళుగా మొసాకుదే. చేతిలో పచ్చి వెదురుకొమ్మ ఉంటే పిచ్చితల్లి అని ఊళ్ళో చంటిపిల్లలకీ తెలుసు. ఏడుపంటే అరచెయ్యి ముఖం ముందుకి ఎత్తడమే. నిజంగా కన్నీళ్ళు కారిస్తే పరువు తక్కువ. మేనల్లుడి శవం ఒడ్డుకి చేరిననాడు కూడా కన్ను తడవలేదు ఆ మహానుభావుడికి!

ఈ ఏడు గుడితోపులో వెదురంతా పూసి ఎండిపోయింది. పచ్చికొమ్మ కావాలంటే ఫుమినో గదే గతి. మొసాకు అడగనైనా అడగకుండా రంపంతో లోపలికి పోయాడు.

"కొమ్మ పట్టినవాళ్ళకి పిచ్చి అంటారుగా, అన్నయ్యా" అంది ఫుమినో గుమ్మంలో నిలబడి. "ముప్పై ఏళ్ళుగా పడుతున్నావు. నిన్నింకా ఎవరూ పడవెక్కించలేదేం?"

"నోర్ముయ్."

"ముయ్యను. వాడి పేరెత్తడానికి వణికేది నువ్వు. పిచ్చేమో నాకట!"

మర్నాడు ఆటలో మొసాకు తొలి అడుగులు ఎప్పటిలాగే నిండుగా వేశాడు. బిడ్డను పేరుపెట్టి పిలవాల్సిన చోటు వచ్చింది. అరచెయ్యి ఎత్తాడు. నాటకంలో పేరు బదులు "తకుమీ!" అని పెద్దగా వచ్చింది గొంతులోంచి. కొయ్యముఖం అంచునుంచి నీళ్ళు ధారకట్టాయి. జనం తలలు దించుకున్నారు. ఫుమినో మాత్రం ముందు వరసలో తల వంచకుండా కూర్చుంది.

ఆట అయ్యాక ముఖం తీశారు, వేషం విప్పారు. కొమ్మ మాత్రం కుడిచేతిని వదల్లేదు. నూనె రాసి లాగినా రాలేదు. "ఉండనీరా, అదే వస్తుంది" అని ఇనే అవ్వ ఇంటికి పోయింది.

పొద్దున మొసాకు కొమ్మతోనే చెల్లెలి ఇంటికొచ్చాడు. ఫుమినో కాగితం అతని ముందుకి తోసింది.

"వెయ్యి ముద్ర. ఆ చెయ్యి కుదరకపోతే ఎడంచేత్తో వెయ్యి. పక్కన నీ పేరూ రాయి, ఇద్దరం కలిసే పోదాం."

మొసాకు కాగితం వంక చూడలేదు. గిన్నె వంక చూశాడు.

"గాలి లేస్తోంది మావయ్యా అన్నాడే వాడు. పిరికి వెధవా, పో అన్నాను. నేనే పంపాను, ఫుమినో."

కొమ్మ చేతిలోంచి జారి చాప మీద పడింది. అరచేతిలో గీత కూడా లేదు.

"నాకు తెలియదనుకున్నావా? ఒడ్డున నీ మాట విన్న ఇనే అవ్వ అప్పుడే చెప్పింది" అంది ఫుమినో. కళ్ళు దించలేదు. "నీ నోట రావాలని రెండేళ్ళుగా కూర్చున్నాను. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు."

అని కొడుకు గిన్నె అన్న ముందుకి జరిపింది.

"తిను. చల్లారిపోతోంది."

మొసాకు ఏడుస్తూనే తిన్నాడు. రేవులో పదింటి పడవ కూతేసింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.